నోటుబుక్కులో "+1": ఒక బీపీ కేసు, నా పొరపాటుతో సహా

తెల్లవారుజామున మూడున్నరకి బాత్రూముకని లేచిన ఆయన నాలుగడుగులు కూడా వెయ్యకముందే తూలి, తలుపు పట్టుకుని అలాగే జారి కూలబడ్డారు. అదృష్టవశాత్తూ మోచెయ్యి గీరుకోవడం తప్ప పెద్ద దెబ్బేమీ తగల్లేదు. పొద్దున్నే ఆయన భార్య ఫోన్ చేసి అడిగిన మొదటి మాట: "డాక్టరుగారూ, ఈయన బీపీ ఎక్కువై పడ్డారా, తక్కువై పడ్డారా? మిషన్ ఒక్కోసారి ఒక్కోలా చూపిస్తోంది."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఉండాల్సింది, ఎందుకంటే సరిగ్గా పదహారు రోజుల కిందట ఆయనకి మూడో బీపీ మందు రాసింది నేనే.

ఈ కేసు ఆయన అనుమతితో రాస్తున్నాను. ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. అరుదైన జబ్బేమీ కాదు, రోజూ చూసే బీపీయే. రాయడానికి కారణం ఒక్కటే. రోగి నా ఎదురుగా కూర్చునేది మూడు నెలలకోసారి, పది నిమిషాలు. మిగిలిన తొంభై రోజుల్లో ఇంట్లో ఏం జరుగుతోందో అడక్కుండా ఆ పది నిమిషాల్లో వచ్చిన అంకె చూసి మందు పెంచాను.

ఆయనకి 58 ఏళ్ళు. రోజంతా కూర్చుని లెక్కలు చూసే ఉద్యోగం. షుగర్ లేదు, పొగ తాగరు. బరువు కొంచెం ఎక్కువ, భుజాలు చేతులు దిట్టంగా ఉంటాయి (ఈ చేతుల సంగతి తర్వాత అవసరమవుతుంది). తండ్రికి అరవై దాటాక పక్షవాతం వచ్చి, ఆరేళ్ళు మంచం మీదే ఉండి పోయారు. ఈ విషయం మొదటి విజిట్‌లోనే చెప్పారు. కుటుంబ చరిత్ర అన్న గడిలో రాసుకుని ఊరుకున్నాను.

మొదటిసారి బీపీ 168/98. వారం తర్వాత మళ్ళీ చూస్తే 164/96. ఈసీజీ బాగుంది, మూత్రంలో ప్రోటీన్ లేదు, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.0, పొటాషియం 4.3. ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు మొదలుపెట్టాను. నెల తర్వాత 154/94 ఉంటే టెల్మిసార్టన్ 40 కలిపాను. ఇంతవరకు తప్పు పట్టేందుకు ఏమీ లేదు. "ఒక మిషన్ కొనుక్కుని ఇంట్లో చూసుకుంటూ ఉండండి, మూడు నెలలకి రండి" అన్నాను. ఎప్పుడు చూసుకోవాలి, ఎలా చూసుకోవాలి, ఎంత వస్తే ఏం చెయ్యాలి అన్నది మాత్రం చెప్పలేదు.

మూడు నెలలకి 162/96 వచ్చింది. ఆయన తెచ్చిన నోటుబుక్కు తిరగేస్తే 165, 172, 180, మధ్యలో ఎక్కడో 118, మళ్ళీ 176. వేరే మందులేమైనా వాడుతున్నారా అని అడిగాను. లేదన్నారు. బయట ఇంకా పదిమంది ఉన్నారు. క్లోర్‌తాలిడోన్ 12.5 కలిపి పంపేశాను. రెండు మందులకి లొంగని బీపీకి మూడోదిగా మూత్రం ఎక్కువ పోయించే మాత్ర కలపడం పుస్తకం ప్రకారం సరైనదే. నేను అడగాల్సింది అది నిజంగా లొంగలేదా అని.

పడిపోయిన రోజు మధ్యాహ్నం రమ్మన్నాను. వచ్చేటప్పుడు మిషన్, నోటుబుక్కు, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని తెమ్మన్నాను. "ఈయన మాత్రలేనా?" అని అడిగారు ఆవిడ. "ఎవరివైనా సరే, ఇంట్లో ఉన్నవన్నీ" అన్నాను. ఆ ఒక్క మాట మంచిదైంది.

కూర్చోబెట్టి చూస్తే 124/76. నిలబెట్టి ఒక నిమిషానికి 106/68, మూడు నిమిషాలకి 102/66. లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లోపు పై బీపీ 20గానీ, కింది బీపీ 10గానీ పడిపోతే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఈయనకి 22 పడింది. అంటే ఆవిడ ప్రశ్నకి జవాబు దొరికింది: తక్కువై పడ్డారు. రక్త పరీక్షలో క్రియాటినిన్ 1.4కి పెరిగింది, సోడియం 132కి తగ్గింది, పొటాషియం 4.9. ఈ మూడో అంకె నన్ను ఆపింది. క్లోర్‌తాలిడోన్ వాడేవాళ్ళకి మామూలుగా పొటాషియం తగ్గుతుంది. ఈయనకి పెరిగిందేమిటి?

సంచి టేబుల్ మీద బోర్లించాం. బీపీ మాత్రలు, ఎప్పటివో యాంటీబయాటిక్స్, దగ్గు మందు, వాటి కింద ఐబుప్రోఫెన్ 400 షీట్లు రెండు. ఒకటి ఖాళీ, రెండో దాంట్లో మూడు మిగిలాయి. "ఇవెవరివి?" అన్నాను. "అవి మందులు కావండీ, మోకాలి నొప్పి బిళ్ళలు" అన్నారాయన మామూలుగా. నేను మూడో మందు రాసిన విజిట్‌కి పది రోజుల ముందు మొదలుపెట్టి, రోజుకి రెండు చొప్పున ఇంకో వారం కూడా వేసుకున్నారు. నొప్పి తగ్గాక మానేశారు.

కథంతా అక్కడే ఉంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మూత్రపిండాలు ఉప్పునీ నీటినీ పట్టి ఉంచేలా చేస్తాయి. బీపీ పెరుగుతుంది, పైగా టెల్మిసార్టన్ లాంటి వాటి పనిని అడ్డుకుంటాయి. అంటే నేను చూసిన 162లో కొంత మోకాలిది. దానికి మూడో మందు రాశాను. తర్వాత ఆయన నొప్పి బిళ్ళ మానేశారు, మూడో మందు మాత్రం ఉండిపోయింది. బీపీ జారిపోయింది. మధ్యలో ఆ వారం రోజులు టెల్మిసార్టన్, క్లోర్‌తాలిడోన్, ఐబుప్రోఫెన్ మూడూ కలిసి నడిచాయి. మూత్రపిండాలకి ఇంతకంటే చెడ్డ పొత్తు మామూలు మందుల్లో తక్కువ. క్రియాటినిన్ 1.4 దగ్గర ఆగిందంటే మా అదృష్టమే.

"వేరే మందులేమైనా వాడుతున్నారా" అని అడగడం అప్పటినుంచి మానేశాను. నొప్పికి ఏం వేసుకుంటారు, జలుబుకి ఏం వేసుకుంటారు, ఎసిడిటీకి ఏం తాగుతారు అని విడివిడిగా అడుగుతాను. ముక్కు దిబ్బడకి వాడే సూడోఎఫిడ్రిన్ కూడా బీపీ పెంచేదే. నీళ్ళలో వేస్తే బుసబుసా పొంగే మాత్రల్లో సోడియం దండిగా ఉంటుంది. ఆ రకం పారాసెటమాల్ ఒక్కో దాంట్లో సుమారు 400 మిల్లీగ్రాములు ఉండొచ్చు. పెద్దవాళ్ళకి రోజుకి 2 గ్రాములకంటే తక్కువ సోడియం, అంటే 5 గ్రాములకంటే తక్కువ ఉప్పు మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఆ లెక్కన ఒక్క మాత్ర ఐదో వంతు తినేస్తుంది.

పొటాషియం చిక్కు కూడా సంచిలోనే విడిపోయింది. ఆవిడ అడుగునుంచి ఒక ఉప్పు ప్యాకెట్ తీశారు. "సోడియం తక్కువుంటుందని రెండు నెలలనుంచి ఇదే వాడుతున్నాం." సోడియం తగ్గించి, ఆ చోట పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు. ఆవిడ చేసింది తెలివితక్కువ పని కాదు. చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21 వేల మందితో చేసిన పెద్ద ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి. ఇలాంటి ఉప్పు వాడినవాళ్ళలో పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. కానీ టెల్మిసార్టన్ పొటాషియాన్ని ఒంట్లోనే ఆపుతుంది. మూత్రపిండాలు కూడా మందగిస్తే ఆ పొటాషియం గుండె లయని దెబ్బతీసే దాకా పోవచ్చు. ఈ ఉప్పుకి మారేముందు ఒక రక్త పరీక్ష, మారాక ఒకటి, అంతే కావాల్సింది. అది చెప్పే సందర్భం ఆవిడకి నేను ఇవ్వలేదు.

తర్వాత మిషన్.

ఇంట్లో వాడే డిజిటల్ మిషన్లలో మెమరీ ఉంటుంది. నోటుబుక్కులో మనిషి రాయాలనుకున్నది ఉంటుంది, మెమరీలో జరిగింది ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాం. ఒక రాత్రి 11:40 నుంచి 1:25 దాకా పద్నాలుగు రీడింగులు ఉన్నాయి. 158తో మొదలైంది. తర్వాత 163, 171, 169, 176, 184... పదో సారికి 191/104. అక్కణ్ణుంచి మెల్లగా దిగి 166. నోటుబుక్కులో ఆ తేదీకి ఒకే ఒక్క అంకె: 191/104. దాని పక్కన పెన్సిలుతో చిన్నగా "+1".

"ఈ ప్లస్ వన్ ఏమిటండీ?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఆ రోజు ఇంకో ఆమ్లోడిపిన్ వేసుకున్నాను. వేసుకున్న అరగంటకి దిగింది కూడా. చూడండి, 166 అయింది."

నోటుబుక్కు మొత్తం వెతికితే అలాంటి ప్లస్‌లు పదకొండు ఉన్నాయి. 120 కంటే తక్కువ వచ్చిన రోజుల పక్కన సున్నాలు ఆరు. సున్నా అంటే ఆ రోజు మాత్ర మానేశారన్నమాట. లెక్కలు చూసే మనిషి, తన బీపీకి కూడా జమాఖర్చులు సరిచేసుకుంటూ వచ్చారు. బయటికి చెప్తే తిడతానని చెప్పలేదు.

ఆమ్లోడిపిన్ అలా పనిచేసే మందు కాదు. మింగాక రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరడానికే 6 నుంచి 12 గంటలు పడుతుంది. అందులో సగం ఖర్చవడానికి 30 నుంచి 50 గంటలు. రోజూ వేసుకుంటే వారానికి గానీ నిలకడకి రాదు. అర్ధరాత్రి వేసుకున్న బిళ్ళ అరగంటలో దించింది అనుకున్నది, నిజానికి మాత్ర వేసుకున్నాం కదా అన్న నిబ్బరం దించింది. ఆ బిళ్ళ అసలు పని మర్నాడు, ఆ మర్నాడు చేస్తుంది. అప్పుడు 115 వస్తుంది, భయపడి ఒక రోజు మానేస్తారు. దాని ఫలితం ఇంకో రెండు రోజులకి కనపడుతుంది. ఇలా ఉయ్యాల ఊగుతున్న బీపీని "మందుకి లొంగడం లేదు" అని రాసుకున్నాను.

ఎందుకు అన్నిసార్లు చూసుకున్నారని అడిగితే, "నాన్నగారికి కూడా రాత్రే వచ్చింది" అన్నారు. చేతికి చుట్టిన కఫ్ (మిషన్ పట్టీ) బిగిసిన ప్రతిసారీ ఆ మంచం గుర్తొస్తే ఎవరికైనా 191 వస్తుంది.

ఇంట్లో ఎలా చూసుకుంటారో చేసి చూపించమన్నాను. మా పరీక్ష మంచం అంచున కూర్చున్నారు, కాళ్ళు నేలకి అందీ అందకుండా, వీపుకి ఆనుకునేందుకు ఏమీ లేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, మడత మీదే సగం కఫ్ చుట్టి, చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నారు. కఫ్ బిగుస్తుండగా భార్య అలవాటు కొద్దీ వంగి "ఎంత?" అన్నారు, ఆయన "ఉండు" అన్నారు. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. మాట్లాడితేనే కొన్ని పాయింట్లు పెరుగుతాయి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద కాకుండా ఒళ్ళో పెట్టుకుంటే పై బీపీ సగటున 4 పాయింట్లు, పక్కకి వేలాడేస్తే 6 పాయింట్ల పైన ఎక్కువ చూపిస్తుందని 2024లో వచ్చిన జాన్స్ హాప్కిన్స్ అధ్యయనం కొలిచి మరీ చెప్పింది.

ఇక ఆ దిట్టమైన చేతులు. టేపు పెట్టి చూస్తే పై చెయ్యి మధ్యలో 37 సెంటీమీటర్లు. ఆయన కఫ్ మీద ముద్రించి ఉన్నది 22–32. ఇరుకు కఫ్ ఎప్పుడూ ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది. మా క్లినిక్‌లో వాడుతున్నదీ మామూలు కఫ్పే. పెద్దది ఉంది, అల్మారాలో, కవరు కూడా విప్పకుండా. రెండూ మార్చి మార్చి మూడేసి సార్లు చూస్తే సగటున 7 పాయింట్లు తేడా వచ్చింది. అంటే మొదటి రోజునుంచీ నేను చూసిన ప్రతి అంకెలోనూ ఆ ఏడు ఉండి ఉండొచ్చు. ఆయనకి బీపీ లేదని కాదు. మూడో మందు దాకా వెళ్ళేంత లేదు.

ఆ రోజు క్లోర్‌తాలిడోన్ ఆపేశాను. ఐబుప్రోఫెన్ ఇక ఇంట్లో ఉండకూడదన్నాం. మోకాలికి పైన రాసే జెల్, తొడ కండరాల వ్యాయామాలు, తప్పదనుకున్న రోజున మామూలు పారాసెటమాల్. అది కూడా పూర్తిగా అమాయకమైనదేమీ కాదు: బీపీ ఉన్నవాళ్ళకి రోజుకి 4 గ్రాముల చొప్పున రెండు వారాలు ఇచ్చి చూసిన 2022 నాటి ట్రయల్‌లో పై బీపీ సుమారు 5 పాయింట్లు పెరిగింది. అప్పుడప్పుడు ఒకటి వేసుకోవడం వేరు, రోజూ నాలుగేసి పూటలు వేసుకోవడం వేరు. ఆ ఉప్పు ప్యాకెట్ పక్కన పెట్టి, మామూలు ఉప్పే తగ్గించి వాడమన్నాను. పది రోజులకి క్రియాటినిన్ 1.1, సోడియం 138, పొటాషియం 4.4. నిలబడితే కళ్ళు తిరగడం మూడో రోజుకే తగ్గింది.

మిషన్ వాడకానికి గట్టి హద్దు పెట్టాం. నెలలో ఏడు రోజులే. పొద్దున లేచి మూత్రానికి వెళ్ళొచ్చాక, మాత్రకీ టిఫినుకీ ముందు, మళ్ళీ సాయంత్రం. దానికి అరగంట ముందు కాఫీ, వ్యాయామం లేకుండా చూసుకోవాలి. వీపు ఆనేలా కుర్చీలో, పాదాలు నేల మీద, చెయ్యి బల్ల మీద, కఫ్ చర్మానికి తగిలేలా, అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని, నిమిషం తేడాతో రెండు రీడింగులు. ఎంత వచ్చినా సరే రాసెయ్యాలి, మూడోది చూడకూడదు. ఏడు రోజులకి 28 అంకెలు. మొదటి రోజువి నాలుగూ కొట్టేసి మిగిలిన 24కి సగటు. ఇంట్లో చూసిన సగటు 135/85 దాటితే బీపీ ఎక్కువున్నట్టు. ఇది క్లినిక్‌లో 140/90కి సమానం. ఈయన విషయంలో కళ్ళు తిరగకుండా ఉన్నంతవరకు 130/80 లోపు ఉంచాలని అనుకున్నాం. మిగిలిన రోజుల్లో మిషన్ ఆవిడ బీరువాలో. తాళం కూడా వేస్తానన్నారు, అక్కర్లేదన్నాను.

చాలామంది డాక్టర్లు ఇంకా ఎక్కువసార్లు చూసుకోమనే చెప్తారు. భయం లేని మనిషికి నేనూ అంత పట్టించుకోను. ఈయనకి మాత్రం మిషన్ ఒక మందులాంటిది, దానికీ డోసు కావాలి.

మధ్యలో ఏదైనా అయితే? అదే అసలు భయం కాబట్టి దాన్ని ఎదురుగా కూర్చుని కాగితం మీద రాశాం, ఆయన చేత్తోనే. ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, మూతి వంకరపోవడం, ఒక చెయ్యో కాలో బలం తగ్గడం, చూపు మసకబారడం, ఎన్నడూ లేనంత తలనొప్పి: వీటిలో ఏది ఉన్నా మిషన్ జోలికి పోకుండా నేరుగా ఎమర్జెన్సీకి. ఇవేవీ లేకుండా 180/120 దాటితే అయిదు నిమిషాలు కూర్చుని మళ్ళీ ఒక్కసారి. అప్పటికీ దిగకపోతే అదే రోజు ఫోన్. ఎక్స్‌ట్రా బిళ్ళ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఒకప్పుడు మేమే నిఫెడిపిన్ క్యాప్సూల్ నాలుక కింద పిండి బీపీ దించేవాళ్ళం. అలా ఒక్కసారిగా దించితే పక్షవాతాలు, గుండెపోట్లు వస్తున్నాయని తెలిశాక 1990లలో ఆ పద్ధతి వదిలేశారు. ఆ మాట చెప్పగానే ఆయన పెన్ను ఆపి తలెత్తి చూశారు. "అంటే దించడం వల్లే..." అన్నారు. అవును. పక్షవాతానికి భయపడి వేసుకుంటున్న బిళ్ళ అది.

పై బీపీ 100 కంటే తక్కువుండి తల తిరిగితే పడుకుని ఫోన్ చెయ్యాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు మాత్ర వేసుకునే ముందే ఫోన్ చెయ్యాలి, ఒంట్లో నీరు తగ్గినప్పుడు టెల్మిసార్టన్ మూత్రపిండాలని ఇబ్బంది పెడుతుంది. మర్చిపోయిన మాత్ర ఆ రోజే గుర్తొస్తే వేసుకోవడం, మర్నాడు గుర్తొస్తే వదిలెయ్యడం, రెండు కలిపి మాత్రం వద్దు.

పొద్దున వేసుకోవాలా, రాత్రి వేసుకోవాలా అని అడిగారు. 21 వేల మందికి పైగా పాల్గొన్న ట్రయల్ ఒకటి 2022లో వచ్చింది, గుండెపోట్లలోగానీ పక్షవాతాల్లోగానీ తేడా లేదు. మీరు మర్చిపోని పూట వేసుకోండి అన్నాను. పొద్దున పళ్ళు తోముకునే బ్రష్ పక్కన పెట్టుకున్నారు.

మొదటి ఏడు రోజుల సగటు, ఆమ్లోడిపిన్ 5, టెల్మిసార్టన్ 40 రోజూ ఒకేలా వేసుకుంటూ, కొత్త కఫ్‌తో: 138.6/85.9. దశాంశం ఆయనదే. ప్లస్‌లూ సున్నాలూ లేని మొదటి వారం అది. టెల్మిసార్టన్ 80 చేసి రెండూ కలిసున్న ఒకే మాత్రకి మార్చాను. టెల్మిసార్టన్ పూర్తి ప్రభావం తెలియడానికి నాలుగు వారాలైనా పడుతుంది కాబట్టి ఆలోగా ఎంత వచ్చినా కదపనని ముందే చెప్పాను. డోసు పెంచిన రెండు వారాలకి పొటాషియం 4.5, క్రియాటినిన్ 1.1. అయిదో వారంలో చూసిన సగటు 129/79.

ఇదంతా నున్నగా ఏమీ జరగలేదు. రెండో వారంలో ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ వచ్చింది: 168. లక్షణాలేమీ లేవు. ఇది మిషన్ తీసే వారం కాదు కదా అన్నాను. కాదన్నారు. పడుకోమన్నాను. నిద్ర పట్టిందో లేదో అడగలేదు. అప్పటినుంచి ప్రతి నెలా ఆ ఏడు రోజులూ అయిన మర్నాడు పొద్దున మా నర్సు తనే ఫోన్ చేసి సగటు రాసుకుంటోంది. ఎవరో ఒకరు అడుగుతారని తెలిస్తే రాత్రి ఫోన్లు తగ్గుతాయని ఆవిడే చెప్పింది, నిజంగానే తగ్గాయి.

నాలుగో నెల చివర విజిట్‌కి వచ్చారు. పెద్ద కఫ్‌తో, అయిదు నిమిషాలు కూర్చోబెట్టి చూసినా 148/88. నోటుబుక్కులో సగటు 127/78. పాత నేనైతే అక్కడే ఇంకో మందు రాసేవాణ్ణి. ఆయన అదే అడిగారు, "ఇవాళ ఇంత ఉంది కదండీ, మార్చరా?" మార్చనన్నాను. క్లినిక్ గడప తొక్కగానే ఇరవై పాయింట్లు పెరిగే మనుషులు చాలామందే ఉంటారు, ఈయన ఆ కోవకి చెందినవారని తేలింది.

మిషన్ మెమరీ చూశాను. ఆ నెలకి ఉండాల్సినవి 28. ఉన్నవి 29. అదనంగా ఉన్నది రాత్రి 1:10కి, 151/90.

"ఆ రోజు మా అన్నయ్యకి స్టెంట్ వేశారని ఫోన్ వచ్చిందండీ" అన్నారు.

నోటుబుక్కు తీశాను. ఆ రీడింగు రాసి ఉంది. పక్కన ప్లస్ లేదు.